డచ్ పొడుగు మాటల్ని ఎక్కడ విరవాలి?

గోదారిగట్టు: ఇన్‌బుర్గరింగ్ (నెదర్లాండ్స్‌లో స్థిరపడేవాళ్లు రాసే పరీక్ష) స్పీకింగ్ పరీక్షకి చదువుతున్నా. చిన్న మాటలు పర్లేదు కానీ రెసిడెన్స్ పర్మిట్‌ని వెర్‌బ్లైఫ్స్‌వెర్‌ఖున్నింగ్ అని ఖాళీ లేకుండా రాసేస్తారు కదా, ఇలాంటివి ఎక్కడ ఆగి పలకాలి?

ఐండ్‌హోవెన్ అక్క: ముందు రెండు పదాల అతుకు పట్టుకో తమ్ముడూ, అక్షరాల సంగతి తర్వాత. హల్లు పక్కన అచ్చు కనిపిస్తే కలిపేయడం మనకి అలవాటు, అందుకే ఫ్యామిలీ డాక్టర్‌ని హౌసార్ట్స్ అనేస్తాం. అది హౌస్, ఆర్ట్స్. స్టేషన్ ముందుండే చౌక్ ఉంది చూడు, స్టషోన్స్‌ప్లైన్, అందులో నడిమి స్ ముందు పదానిది. స్ప్లైన్ అనకు.

లంచ్‌బాక్స్: అతుకు దగ్గర హల్లు కూడా మారుతుందండి. సాయంత్రానికి రాతలో చివర డ్ ఉంటుంది, పలికేది అవొంట్. బహువచనం అవొండన్‌లో డ మళ్లీ వినిపిస్తుంది. రాత్రి భోజనం మాత్రం అవొంట్-ఏటన్, వెనక అచ్చున్నా ట్ కదలదు, ఎందుకంటే అతుకుని వీళ్లు పదం చివరగానే లెక్కేస్తారు.

పాతకాపు: వెనక వచ్చేది డ లేదా బ అయితే కథ వేరు. జక్ అంటే జేబు, డూక్ అంటే గుడ్డ, కలిస్తే జగ్‌డూక్, చేతి రుమాలు. రాసేది క్, పలికేది గ్. వాక్, దేవి కలిసి వాగ్దేవి అయినట్టే, బడిలో జశ్త్వ సంధి బట్టీ పట్టినవాళ్లకి ఇది తేలిక. కాకపోతే మనకి వాగీశుడిలో అచ్చు ముందు కూడా గ్ వస్తుంది, వీళ్లకి రాదు. స్టాంపులో ఇంకో తమాషా, పోస్ట్ పక్కన జేఖల్ చేరితే జ కాస్తా స అయిపోయి పోస్ట్‌సేఖల్ అంటారు.

బిర్యానీబాబు: ఇన్ని సంధులెందుకు బ్రో, తప్పు పలికితే వాళ్లే ఇంగ్లీష్‌లోకి వచ్చేస్తారుగా.

ఐండ్‌హోవెన్ అక్క: అదేగా బాధ, వాళ్లు ఇంగ్లీష్‌లోకి వస్తే ఇక మన డచ్ ఎక్కడ సాగుతుంది? పైగా విరుపు తేడా వస్తే అర్థమే మారిపోయే మాటలున్నాయి. ఒకే స్పెల్లింగ్‌ని మసాజ-బెట్ అంటే మర్దన బల్ల, మసా-ఖబెట్ అంటే సామూహిక ప్రార్థన. వల్-కౌల్ గుంట ఉచ్చు, అదే వల్క్-ఔల్ అని విరిస్తే డేగ, గుడ్లగూబ.

గోదారిగట్టు: మరి ఒత్తి పలకడం? ఎప్పుడూ మొదటి ముక్క మీదేనా?

పాతకాపు: ఎక్కువగా అంతే. ఆసుపత్రి జీకన్‌హౌస్‌లో జీ మీదే బరువు. కానీ మునిసిపల్ ఆఫీస్ స్టట్‌హౌస్‌కి హౌస్ మీద, బూరన్‌కోల్ కూరకి కోల్ మీద పడుతుంది. వీటికి రూల్ వెతక్కు, విని పట్టుకోవాల్సిందే. విరుపు వరకైతే డచ్ స్పెల్లింగుల జాబితా వోర్డన్‌లైస్ట్ సైట్‌లో కొట్టి చూడు, ముక్కల మధ్య చుక్కలు పెట్టి చూపిస్తుంది.