దేవమాలి మీద రాత్రి పడుకోవడానికి గాలి పరుపు ఏది మంచిది?

సెమిలిగూడ_బండి:
అందరికీ నమస్కారం. డిసెంబరు చివర్లో మా నాన్నగారిని తీసుకుని కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ మీద ఒక రాత్రి టెంట్ వేసుకుందామని ప్లాన్. ఆయనకి అరవై దాటాయి, నడుము పట్టేస్తూ ఉంటుంది, పైగా వెల్లకిలా అసలు పడుకోరు, ఎప్పుడూ ఎడమ పక్కకి తిరిగే పడుకుంటారు. అద్దె టెంట్లలో పరిచే పలచటి మ్యాట్ మీద మా ఫ్రెండ్స్ పడుకుని పొద్దున్నే నడుము పట్టుకుని లేచారు, అందుకే సొంతంగా గాలి పరుపు కొనాలనుకుంటున్నా. కారు దాదాపు పైదాకా వెళ్తుంది కాబట్టి కాస్త బరువున్నా ఫర్వాలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే ప్రతిదీ మెత్తగా ఉంటుందనే రాస్తున్నారు. మందం చూసుకుంటే చాలా? వాడినవాళ్లు చెప్పండి.

మహేంద్రతనయ:
మందం ఒక్కటే చూసి కొనొద్దు తమ్ముడూ. మాది పర్లాకిమిడి. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే జనంలో మేమూ ఉంటాం, పైన రాత్రంతా గాలి ఆగదు. ఒకసారి మా గుంపులో కుర్రాళ్లు నాలుగంగుళాల గాలి పరుపులు తెచ్చుకున్నారు, చూడటానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. పక్కనే మా అత్తయ్యలు కింద ఎండుగడ్డి పరిచి దాని మీద బొంత వేసుకుని పడుకున్నారు. రాత్రి రెండింటికి కుర్రాళ్లు లేచి కూర్చుని వణుకుతున్నారు, అత్తయ్యలు మాత్రం హాయిగా నిద్రపోతున్నారు. ఆ పరుపుల్లో ఒట్టి గాలి తప్ప ఏమీ లేదు. ఒంటి వేడికి పైన వెచ్చబడిన గాలి, నేల పక్కన చల్లబడిన గాలి లోపల అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, వేడి అంతా నేలకి పోతుంది. మందం ఎక్కువైతే ఆ గాలి తిరగడానికి ఇంకా చోటు దొరుకుతుంది. గడ్డిలో అలా కాదు, గాలి పోచల మధ్య ఇరుక్కుని కదలదు. మీద ఎన్ని దుప్పట్లు కప్పినా వీపు కింద నలిగిపోయిన దుప్పటి పనిచేయదు, కింద నుంచి వచ్చే చలిని ఆపాల్సింది పరుపే. అందుకని లోపల ఫైబరో, ఫోమో, వేడిని తిప్పికొట్టే ఫిల్మో ఉన్నదే చూడండి.

జయపురం_మాస్టారు:
పైన అమ్మాయి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆ గుణాన్ని కొలిచే అంకెని ఆర్-వాల్యూ అంటారు. వేడి బయటికి పోకుండా పరుపు ఎంత అడ్డుకుంటుందో అది చెబుతుంది, ఎంత ఎక్కువుంటే అంత వెచ్చన. ఇదివరకు ఒక్కో కంపెనీ తనకి తోచినట్టు కొలిచి రాసుకునేది, 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అని ఒక ప్రమాణం వచ్చాక అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలైంది. కాబట్టి డబ్బా మీదో పేజీలోనో ఆ ప్రమాణం పేరు ఉందేమో చూడండి. ‘మైనస్ పది దాకా పనికొస్తుంది’ అని మాత్రమే రాసి ఆర్-వాల్యూ ఇవ్వని వాటిని నేనైతే ముట్టుకోను.

ఎంత కావాలంటారా, మన కోరాపుట్ కొండల్లో డిసెంబరు, జనవరి రాత్రులు సింగిల్ డిజిట్‌కి దిగుతాయి, దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో దానికంటే ఎత్తైన శిఖరం లేదు, పైన గాలికి అడ్డం ఉండదు. 3 కంటే తక్కువ తీసుకోవద్దు. నాన్నగారి వయసుకి 4 ఉంటే నిశ్చింతగా ఉంటుంది. ఇంకో సంగతి, ఆర్-వాల్యూలు కూడుకుంటాయి. 1.5 ఉన్న గాలి పరుపు కింద 2 ఉన్న ఫోమ్ మ్యాట్ వేస్తే 3.5 వచ్చినట్టే. అట్టలా మడతపడే ఫోమ్ మ్యాట్లు చూసే ఉంటారు, థర్మరెస్ట్ వాళ్ల జీ లైట్ సోల్ అలాంటిదే, దాని ఆర్-వాల్యూ 2. అంత ఖరీదు పెట్టక్కర్లేదు, మామూలు క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీళ్లు పీల్చని గట్టి ఫోమ్) మ్యాట్ అయినా సరే, కింద ముల్లు గుచ్చుకోకుండా కూడా కాపాడుతుంది.

సిరొంచ_ఒడ్డు:
మాస్టారూ, మీ దిక్కు చలి కాబట్టి మీరు చెప్పేది మీకు కరెక్టే. మా దిక్కు వేరే. మాది సిరొంచ, ప్రాణహిత ఇసుకల టెంట్ వేస్తాం, అవతల కాళేశ్వరం దీపాలు కనబడతాయి. ఎండాకాలం రాత్రి కూడా ఉక్కపోతే, ఇన్సులేషన్ ఉన్న పరుపు మీద వీపంతా చెమట. మాకు ఒట్టి గాలి పరుపే మంచిది, మీద ఒక నూలు దుప్పటి పరుచుకుంటే ఒంటికి అతుక్కోదు. మాకు అసలు కష్టం పల్లేరు కాయలతోని. ఇసుకల కనబడవు, మోకాలు పెట్టి టెంట్ సర్దుతుంటే అప్పుడు తెలుస్తది. అరచేయి పెట్టకుండా చెప్పు అడుగుతో ఆ చోటంతా రుద్ది చూసుకుని, టార్పాలిన్ వేసి, దాని మీద టెంట్, లోపల మళ్ల ఒక పాత గోనె పట్టా, ఆ తర్వాతే పరుపు. పగలు గాలి నింపిన పరుపును మూసిన టెంట్లో గాని కార్ల గాని వదలొద్దు. ఎండకు లోపలి గాలి ఉబ్బి, లోపల అతికిన గీతలు ఊడిపోయి మధ్యల పెద్ద బుడగ లేస్తది, దాన్ని ఎవ్వరూ బాగుచెయ్యలేరు. పొద్దున లేవంగనే వాల్వ్ తియ్యాలె.

బరంపురం_అక్క:
పెద్దవాళ్లతో వెళ్తున్నావు కాబట్టి ఇది చెప్పాలి తమ్ముడూ. నడుము నొప్పి ఉన్నవాళ్లకి పడుకోవడం ఎంత ముఖ్యమో రాత్రి బాత్రూంకి లేవడం కూడా అంతే ముఖ్యం. కొన్ని పరుపుల అంచు మీద కూర్చోగానే అది అణిగిపోయి మనిషి నేల మీదకి జారిపోతాడు. పక్క గోడలు నిటారుగా ఉండే ఎనిమిది, పది సెంటీమీటర్ల ఫోమ్ ఉన్న సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ పరుపులు వస్తున్నాయి, లోపల స్పాంజి ఉంటుంది, వాల్వ్ తిప్పితే దానంతట అదే గాలి పీల్చుకుంటుంది, చివర్లో కాస్త పంపుతో బిగిస్తే చాలు. చుట్టినా లావుగానే ఉంటాయి, బరువు, కానీ కారులో వెళ్తున్నావు కదా. మా అమ్మకి అదే తీసుకున్నాం, ఆవిడ మోచేయి ఆనించి లేవగలుగుతోంది. మామూలు గాలి పరుపు మీద తిరిగినప్పుడల్లా పడవలో ఉన్నట్టు ఊగుతోందని గొడవపెట్టేది. వెడల్పు కూడా చూడు. మామూలు సైజు 20 అంగుళాలు, అంటే 51 సెంటీమీటర్లే, పక్కకి తిరిగి మోకాళ్లు ముడిస్తే కిందకి వచ్చేస్తాయి. 25 అంగుళాలది తీసుకో. పాదాల దగ్గర సన్నబడే ఆకారం వద్దు, నలుచదరంగా ఉన్నదే తీసుకో.

బల్లార్షా_బుల్లెట్:
అక్కయ్యా, సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ కారులో వెళ్లేవాళ్లకి ఓకే, బైక్ మీద తిరిగే మాలాంటోళ్లకి అసాధ్యం, సైడ్ బ్యాగ్ సగం దానికే పోతుంది. నేను వాడేది టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ పూత ఉన్న నైలాన్ గాలి పరుపు, చుడితే నీళ్ల సీసా అంత అవుతుంది. చవగ్గా దొరికే పీవీసీవి చలికి బిరుసెక్కుతాయి, మడతల దగ్గర పగులుతాయి, వాసన కూడా, వద్దు. ఇంకో మాట ఎవరూ చెప్పలేదు, చప్పుడు. వేడి తిప్పికొట్టే ఫిల్మ్ ఉన్న కొన్ని పరుపులు కదిలినప్పుడల్లా చిప్స్ ప్యాకెట్ నలిపినట్టు కరకరలాడతాయి. నాన్నగారికి నిద్ర పల్చనైతే ఫైబర్ నింపినదో ఫోమ్ ఉన్నదో చూడు బ్రదర్.

సెమిలిగూడ_బండి:
చాలా థాంక్స్ అందరికీ. అయితే నాన్నకి వెడల్పైన సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్, నాకు ఫైబర్ ఉన్న గాలి పరుపు చూస్తాను. రెండు డౌట్లు. ఒకటి, పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి ఎంత గట్టిగా నింపాలి? రెండు, రివ్యూల్లో చాలామంది తెల్లారేసరికి గాలి దిగిపోయింది అని రాశారు, అన్నీ లీకేజీలేనా?

జయపురం_మాస్టారు:
రెండో దానికి ముందు చెబుతాను. చాలాసార్లు అది లీకు కాదు. సాయంత్రం గాలి 27 డిగ్రీలున్నప్పుడు నింపావనుకో, అంటే 300 కెల్విన్. తెల్లవారుజామున 7 డిగ్రీలైతే 280 కెల్విన్. అదే గాలి చల్లబడి దాదాపు ఏడు శాతం కుంచించుకుంటుంది, పరుపు మెత్తబడుతుంది. నోటితో ఊదితే ఇంకా ఎక్కువ, ఊపిరి ఒంటి వేడితో ఉంటుంది కదా. నోటితో ఊదడం ఇంకో రకంగా కూడా మంచిది కాదు, తేమ లోపలికి పోయి ఫైబర్‌కి, ఫోమ్‌కి బూజు పడుతుంది. పరుపుతో పాటు వచ్చే పంపు సంచి వాడండి, లేదా చార్జింగ్ పెట్టుకునే చిన్న పంపు. నింపేసి భోజనం చేసి రండి, అప్పటికి అది చల్లబడుతుంది, పడుకునే ముందు ఇంకోసారి కాస్త ఎక్కించండి.

గట్టిదనం గురించి. ముందు బిర్రుగా నింపి నాన్నగారిని ఆయన అలవాటు ప్రకారం ఎడమ పక్కకి పడుకోబెట్టు. తుంటి కింద, పరుపుకీ నేలకీ మధ్య నీ అరచేయి పెట్టు. వాల్వ్ కొద్దికొద్దిగా వదులుతూ రా. భుజం, తుంటి పరుపులోకి దిగి నడుము ఒంపు కింద ఖాళీ లేకుండా నిండాలి, కానీ తుంటి బరువు నీ చేతిని నేలకి అదమకూడదు. చేయి నొక్కుకున్నట్టు అనిపించగానే ఆపి కాస్త గాలి ఎక్కించు. ఆయన బరువుకి అదే కొలత. చాలామంది గట్టిగా ఉంటే మంచిదనుకుని డ్రమ్ములా బిగిస్తారు, పక్కకి పడుకునేవాళ్లకి అలా చేస్తే భుజం తిమ్మిరెక్కుతుంది. ఈ సర్దుబాటుకి చోటు ఉండాలంటే మందం మూడంగుళాలు ఉండాలి, మందం అక్కరకొచ్చేది ఇక్కడే.

మహేంద్రతనయ:
తల పెట్టుకునే వైపు ఎత్తుగా ఉండేలా టెంట్ వేయండి. కొండ మీద చదును నేల దొరకదు, పరుపు జారుడుగా ఉంటే రాత్రంతా కిందకి జారుతూనే ఉంటాం. అడుగున గరుకు ఫోమ్ మ్యాట్ ఉంటే ఆ బాధ తగ్గుతుంది.

గుణుపురం_పంక్చర్:
లీకైతే ఏం చేయాలో నేను చెప్తాను, మాకు సైకిల్ షాపు ఉంది, జనం ఈ పరుపులు కూడా తెస్తున్నారు ఇప్పుడు. ముందు అనుమానించాల్సింది వాల్వ్‌ని. లోపల పలచటి రబ్బరు రేకు ఉంటుంది, దాని కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా రాత్రంతా సన్నగా గాలి పోతుంది. తడి గుడ్డతో తుడిచి చూడండి, చాలా కేసులు అక్కడే అయిపోతాయి. కాకపోతే బిర్రుగా గాలి నింపి, సబ్బు నీళ్లు గుడ్డతో రాసుకుంటూ రండి, ముఖ్యంగా అతుకుల వెంబడి. సన్నని ముల్లు పోటుకి పెద్ద బుడగలు రావు, ఆవగింజలంత నురగ ఒకే చోట మళ్లీ మళ్లీ పుడుతుంది, తుడిచినా మళ్లీ వస్తుంది. అక్కడ బాల్‌పెన్నుతో చుట్టూ గుండ్రంగా గీయండి, తడి ఆరాక కన్నం కనబడదు. గాలి పూర్తిగా తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక ప్యాచ్ వేసి మీద బరువు పెట్టి, జిగురు డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. దయచేసి సైకిల్ ట్యూబు సొల్యూషన్ వాడొద్దు, అది రబ్బరుకి పట్టేది, టీపీయూ మీద రెండు రోజుల్లో లేచిపోతుంది. పరుపుతో వచ్చిన కిట్‌గానీ పాలీయూరిథేన్ జిగురుగానీ వాడండి. కొండకి వెళ్లేటప్పుడు అది సంచిలో ఉండాల్సిందే.

బరంపురం_అక్క:
ఇంటికి తెచ్చాక సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్‌ని బిగించి చుట్టి అటక మీద పడేయొద్దు. వాల్వ్ తెరిచి, పరిచి మంచం కిందో బీరువా వెనకో నిలబెట్టాలి. నెలల తరబడి చుట్టి ఉంచితే లోపలి ఫోమ్ అణిగిపోయి మళ్లీ గాలి పీల్చుకోదు. కొన్న రోజున కూడా విప్పిన వెంటనే పొంగలేదని కంగారుపడకు, గోడౌన్‌లో ఎన్నాళ్లు చుట్టి ఉందో తెలియదు కదా, మొదటిసారి ఒక రాత్రంతా వదిలేయి.

సెమిలిగూడ_బండి:
వైజాగ్ వెళ్లే పని ఉంది, అక్కడ డెకాథ్లాన్‌లో చూసి తీసుకుంటాను. షాపులో రెండు నిమిషాలు పడుకుని చూస్తే తెలుస్తుందా?

జయపురం_మాస్టారు:
మెత్తదనం, వెడల్పు, చప్పుడు షాపులోనే తెలుస్తాయి. నాన్నగారిని కూడా తీసుకెళ్లు, సిగ్గుపడకుండా ఎడమ పక్కకి తిరిగి పదిహేను నిమిషాలు పడుకోమను. చలి సంగతి మాత్రం అక్కడ తెలియదు. తెచ్చాక ట్యాగులు తీయకుండా డాబా మీద ఉత్త సిమెంటు నేల మీద పరిచి ఒక రాత్రి పడుకోండి, డిసెంబరులో మన డాబాలు బాగా చల్లబడతాయి. తెల్లవారుజామున వీపు కింద చల్లగా తగిలితే, వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద చూసి ఆలోపే మార్చుకోండి.