అందరికీ తెలిసినా ఎవరూ ఎందుకు చేయరు? ప్రాజెక్టుకు సాయం కావాలి

నమస్కారమండీ. మనుషుల విలువలు, అలవాట్లు సుస్థిరాభివృద్ధిని ఎలా నడిపిస్తాయన్న అంశం మీద ఎం.ఏ. ప్రాజెక్టు రాస్తున్నాను. ఒక దగ్గర ఆగిపోయాను.

సుస్థిరాభివృద్ధికి (అంటే రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం) 1987లో ఐక్యరాజ్యసమితి బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం, 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, అన్నీ చదివాను. కానీ మా మెట్ల కింద తడిచెత్తకొకటి, పొడిచెత్తకొకటి రెండు డబ్బాలున్నాయి. మూత తీస్తే రెండింట్లోనూ ఒకటే కలగలుపు! వేసేది చదువుకున్నవాళ్లే (నేనూ ఒకట్రెండు సార్లు బద్ధకించాను, అబద్ధమెందుకు). అంటే తెలియక కాదు. ‘పక్కవాళ్లే చేయట్లేదు, నాకెందుకు’ అన్న ధోరణే అసలు అడ్డంకి అని నా అనుమానం.

ఉమ్మడి వనరులను (అడవులు, సాగునీరు లాంటివి) జనమే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. అలా కాపాడుకునే చోట ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటుంది, ఒక కన్నూ ఉంటుంది. ముఖపరిచయం కూడా లేనిచోట ఆ కట్టుబాటు ఎలా పుడుతుంది?

ఇంకొకటి. పొదుపుని పిసినారితనంగా, కొత్త వస్తువుని హోదాగా చూసే మనస్తత్వాన్ని సర్వేలో ఎలా పట్టుకోవాలి? నేరుగా అడిగితే అందరూ ఆదర్శంగానే చెబుతున్నారు, అదే నా టెన్షన్. ఇలాంటి సర్వేలు చేసినవాళ్లుంటే ఎలాంటి ప్రశ్నలు వేశారో చెప్పగలరా?