అప్‌డేట్: నాన్నకు వస్తున్న లోన్ రికవరీ కాల్స్ సంగతి

పోయిన వారం అడిగాను కదా, మా నాన్న ఎప్పుడూ తీసుకోని పర్సనల్ లోన్‌కి 38 వేలు బాకీ ఉందని, సాయంత్రంలోగా యూపీఐలో కట్టకపోతే పోలీసులు ఇంటికొస్తారని ఎవడో రోజూ ఫోన్ చేస్తున్నాడని. అది పక్కా మోసమే.

మీలో ఒకరు చెప్పినట్టు ముందు సిబిల్ రిపోర్ట్ (మన పేరు మీద ఏ లోన్లు ఉన్నాయో చూపించేది) తీశాం. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇస్తారు, నాకు ఇన్నాళ్లూ తెలియదు. అందులో అలాంటి లోన్ ఏదీ లేదు. అలాంటి రిపోర్టే ఇచ్చే ఇంకో సంస్థ ఎక్స్‌పీరియన్‌లోనూ చూశాం, లేదు. వాడు చెప్పిన బ్యాంకు బ్రాంచికి కూడా వెళ్లి అడిగితే నాన్న పేరు మీద ఏమీ లేదన్నారు.

మళ్లీ కాల్ వచ్చినప్పుడు నేనే ఎత్తాను. లోన్ అకౌంట్ నంబరు, ఏజెన్సీ పేరు, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ పంపమన్నాను, పైగా రాత్రి తొమ్మిదింటికి చేస్తున్నావు, ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ కాల్స్ చేయకూడదు కదా అన్నాను. తిట్టి పెట్టేశాడు.

డబ్బు పోలేదు కాబట్టి సంచార్ సాథీ అనే ప్రభుత్వ టెలికాం వెబ్‌సైట్‌లో, మోసపు కాల్స్ మీద ఫిర్యాదు చేసే చక్షు అనే విభాగం దగ్గర ఆ నంబర్లు రిపోర్ట్ చేశాను. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

మూడు రోజులుగా కాల్స్ లేవు. తెలియని నంబరు మోగితే మాత్రం నాన్న ఇంకా టెన్షన్ పడుతూ నా వైపు చూస్తున్నారు.