అమ్మ మోకాలు, చక్రాల కుర్చీ, ఏడాదికి 15 వేల కిలోమీటర్లు: ఏ కారు, ఏ ఇంధనం?

తణుకు మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను తణుకులో ఉంటాను. అత్తిలి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పదకొండేళ్లుగా వాడుతున్న చిన్న పెట్రోల్ కారు ఇక మార్చక తప్పదు. నెల రోజులుగా ఇంట్లో ఇదే చర్చ, ఎటూ తేలడం లేదు.

ఇంట్లో ఐదుగురం. నేను, నా భార్య, ఇంటర్ చదివే అబ్బాయి, ఎనిమిదో తరగతి అమ్మాయి, మా అమ్మ. అమ్మకి 71. పోయిన నవంబరులో కుడి మోకాలి కీలు మార్చారు, ఎడమది కూడా చేయించాలంటున్నారు. ఇంట్లో వాకర్‌తో తిరుగుతుంది, బయటికి వెళ్తే చక్రాల కుర్చీ ఉండాల్సిందే. తమ్ముడు కూకట్‌పల్లిలో ఉంటాడు కాబట్టి ఆపరేషన్ హైదరాబాద్‌లోనే చేయించాం. రెండు నెలలకోసారి అక్కడికి తీసుకెళ్లి చూపించాలి.

ఇప్పుడున్న కారులో అమ్మ ఎక్కే తీరు చెప్తాను. సీటుకి వీపు పెట్టి నిలబడి, వెనక చెయ్యి జాపి అంచు తడుముకుంటుంది. సగం దాకా మెల్లగా వంగుతుంది, చివరి నాలుగు వేళ్ల ఎత్తు నుంచి ధబాలున కూలబడుతుంది. తర్వాత కుడికాలు పూర్తిగా మడత పడదు, మడమ గుమ్మానికి తగులుకుంటుంది. నేను వంగి, మడమ కింద అరచెయ్యి పెట్టి ఎత్తి లోపల పెట్టాలి. దిగేటప్పుడు నా మెడ పట్టుకుని లేస్తుంది. లేచిన ప్రతిసారీ "నీకు భారమైపోయాన్రా" అంటుంది. ఆ మాట వినలేకే కారు మారుస్తున్నాను.

ఇక లెక్క. బడికి రానూ పోనూ 36 కిలోమీటర్లు, చాలా భాగం కాలవగట్టు రోడ్డు. ఏడాదికి 220 పని దినాలు వేసుకుంటే దాదాపు 8 వేలు. హైదరాబాద్ ఒక్కసారికి రానూ పోనూ 800, ఆరుసార్లకి 4,800. తిరుమల, పెళ్లిళ్లు, ఊళ్లో తిరుగుడు కలిపితే మొత్తం 15 వేలు. పెట్రోల్ 110 రూపాయలు, లీటరుకి 15 వస్తుందనుకుంటే కిలోమీటరుకి 7 రూపాయల 30 పైసలు. సీఎన్‌జీ కిలో 95, కిలోకి 23 అనుకుంటే 4 రూపాయల 10 పైసలు. ఏడాదికి 48 వేల తేడా. ఇది నాకు చిన్న మొత్తం కాదు.

బడ్జెట్ అన్నీ కలిపి 13 లక్షలు. సొంత ఇల్లు, కారు పెట్టుకునే పోర్టికో ఉంది. ఒక షోరూమ్‌లో అబ్బాయి, హైదరాబాద్ వెళ్తారు కాబట్టి డీజిలే తీసుకోండి సార్ అన్నాడు. ఇంకో చోట సీఎన్‌జీ కారు డిక్కీ తెరిస్తే సిలిండరే కనిపించింది. చక్రాల కుర్చీ సంగతి అడిగితే "వెనక సీటు మడుచుకోవచ్చు సార్" అన్నాడు. సీటు మడిస్తే పిల్లలు ఎక్కడ కూర్చోవాలి?

పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీయా, కరెంటు కారా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

ఏలూరు సీఎన్‌జీ:

మాస్టారూ, నేను నాలుగేళ్లుగా కంపెనీ సీఎన్‌జీ కారు నడుపుతున్నాను, 82 వేలు తిరిగింది. మీ లెక్క సరైందే. ఒకే కారులో పెట్రోల్ మోడల్‌కీ సీఎన్‌జీ మోడల్‌కీ తేడా దాదాపు 95 వేలు ఉంటుంది, మీ తిరుగుడికి రెండేళ్లలో వచ్చేస్తుంది.

కానీ లెక్కలో కనిపించనివి కొన్ని ఉన్నాయి. సిలిండర్ 60 లీటర్లదైనా అందులో పట్టే గ్యాస్ ఎనిమిది కిలోలకి అటూ ఇటూ. బంకులో ప్రెషర్ తక్కువుంటే ఆరు కిలోలతో సరిపెట్టుకుని బయటికి రావాలి. గ్యాస్ లారీ రాలేదంటే ఆ రోజు పెట్రోలే. సాయంత్రం ఆటోలన్నీ ఒకేసారి వస్తాయి, అందుకే నేను పొద్దున ఆరింటికే వెళ్లి పట్టించుకుంటాను. మూడేళ్లకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్ట్, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష, చేయించాలి, ఆ తేదీ మర్చిపోకండి.

మీ కుర్చీకి దారి ఒకటుంది. ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ నేల కింద పెట్టిన కార్లు వస్తున్నాయి: టాటా పంచ్, నెక్సాన్, హ్యుండయ్ ఎక్స్‌టర్. డిక్కీ చాలావరకు మిగులుతుంది. పంచ్‌లో వెనక ముగ్గురు పెద్దవాళ్లు ఇరుక్కుంటారు, మీ ఇంటికి నెక్సాన్ నయం. కారు గుద్దుకుంటే లోపలివాళ్లకి ఎంత రక్షణో చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి 5 స్టార్లు కూడా ఉన్నాయి.

పెట్రోల్ కారు కొని బయట సీఎన్‌జీ కిట్ మాత్రం వేయించొద్దు. మా బావమరిది ఒక చిన్న వర్క్‌షాపులో వేయించాడు, ఆర్సీలో ఎక్కించలేదు. తర్వాత యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు అదే పట్టుకున్నారు.

గ్యారేజీ అన్న, రాజమండ్రి:

మాస్టారికి నమస్కారం. ఇరవై ఏళ్లుగా రెంచి పట్టినవాడిని, నాకు తెలిసింది చెప్తాను. డీజిల్ వద్దు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే కాలుష్య నిబంధన ప్రకారం వచ్చే డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. మసి అందులో పేరుకుంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కి, హైవే మీద ఆగకుండా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు పోతే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. మీరు రోజూ కాలవగట్టు మీద రెండో గేరు, మూడో గేరులో ధాన్యం ట్రాక్టర్ల వెనక పోతారు. ఆ వేడి రాదు. డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. కొందరు అది చూసీ చూడనట్టు అలాగే నడిపి, చివరికి జల్లెడ మొత్తం మూసుకుపోయాక నా దగ్గరికి తోసుకొస్తారు. అప్పుడు బిల్లు చెప్పడానికి నాకే నోరు రాదు. ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు దాటి, అదీ ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లకే డీజిల్.

పెట్రోల్ అయితే ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంచెం తగ్గుతుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో పైపులు, రబ్బర్లు దానికి తట్టుకునేలా చేశారు. కొత్తది కొంటున్నారు కాబట్టి బెంగ లేదు. సెకండ్ హ్యాండ్‌లో అంతకు ముందుది చూస్తే మాత్రం మాన్యువల్ తిరగేయండి.

హనుమకొండ ఈవీ:

నమస్తే సార్. మా ఇంట్లో ఏడాదిన్నరగా కరెంటు కారు ఉంది, నేనే నడుపుతాను. రోజుకి 36 కిలోమీటర్లు, సొంత పోర్టికో అంటే ఈవీకి ఇంతకన్నా మంచి ఇల్లు ఉండదు. మాకు యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు వస్తుంది. యూనిట్ 8 రూపాయలు పడ్డా కిలోమీటరుకి రూపాయిన్నర లోపే. రాత్రి 15 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి పడుకుంటే పొద్దున్నకి నిండుతుంది. ముందు ఎర్తింగ్ సరి చూపించుకోండి. మాకు పాత ఎర్తింగ్ పనికిరాక గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి కొత్తది పెట్టించాకే చార్జర్ పనిచేసింది.

తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఈవీలకు రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. మీది ఆంధ్ర కాబట్టి అక్కడి ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

ఇక హైదరాబాద్ ప్రయాణం. 13 లక్షల్లో వచ్చే బ్యాటరీతో 400 కిలోమీటర్లు ఒక్క ఊపులో రాదు, దారిలో రెండుసార్లు ఆగాలి. మేం విజయవాడ వెళ్లేటప్పుడు సూర్యాపేటలో ఆగుతాం. ముందు ఒక్క కారు ఉన్నా ముప్పావుగంట కాస్తా గంటన్నర అవుతుంది. మా అత్తమ్మకీ మోకాళ్ల నొప్పులే. కాళ్లు చాపుకోవడానికి ఆగడం ఆమెకి మంచిదే, కానీ ఎక్కడ ఆగినా వెస్టర్న్ టాయిలెట్ ఉందా అని ముందు నేను దిగి చూసి రావాలి. డాక్టరు టైము పెట్టుకుని వెళ్లే రోజు ఆ టెన్షన్ మీకు వద్దనే నా సలహా. అమ్మని రైల్లో తీసుకెళ్లగలిగితే మాత్రం కళ్లు మూసుకుని ఈవీ తీసుకోండి.

కాకినాడ ఫిజియో:

ఇంధనం గురించి నాకు తెలియదు, మోకాలి గురించి చెప్తాను. అమ్మగారు కారు పక్కన నిలబడితే సీటు అంచు మోకాలి మడత కన్నా కొంచెం పైన ఉండాలి. సెడాన్ సీటు బాగా కిందికి ఉంటుంది, కూలబడాలి. ఎత్తు కార్లలో పైకి ఎక్కాలి, అదీ కష్టమే. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, వెనక్కి కాస్త వాల్చి, సీటు మీద మందపాటి ప్లాస్టిక్ కవరు పరవండి. ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి తిరిగితే ఒళ్లు జారి సులువుగా వస్తుంది. కారు బయల్దేరే ముందు ఆ కవరు మర్చిపోకుండా తీసేయండి. అమ్మగారిని తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడకుండా ఏ కారూ బుక్ చేయకండి.

తణుకు మాస్టారు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. రైలు అమ్మకి కుదరదమ్మా, ప్లాట్‌ఫాం నుంచి ఆ మెట్లు ఎక్కలేదు. ఆదివారం అమ్మనీ, కుర్చీనీ, ఒక టేపునీ తీసుకుని వెళ్లొస్తాను.

తణుకు మాస్టారు (తొమ్మిది రోజుల తర్వాత):

వెళ్లొచ్చాం. ముందు నెక్సాన్ సీఎన్‌జీ. మా కుర్చీకి నాలుగూ చిన్న చక్రాలే. కాళ్లు పెట్టుకునే రెక్కలు ఊడదీసి, డిక్కీ మీద మూతలా ఉండే పలక తీసేస్తే కుర్చీ వాలుగా పట్టింది, పక్కన ఒక బ్యాగుకి చోటు కూడా ఉంది. నాకు చాలా సంతోషమేసింది. కానీ అమ్మ అయిదడుగులు కూడా ఉండదు. సీటు అంచు ఆమె తొడ పైభాగానికి తగిలింది. పీట వేశాం. పీట మీద ఒంటికాలి మీద బరువు వేయడానికి భయపడి మళ్లీ నా మెడే పట్టుకుంది.

తర్వాత మూడు వరసల సీట్లుండే మారుతి ఎర్టిగా. ఫిజియో గారు చెప్పినట్టు ముందు సీటు వెనక్కి జరిపి కవరు పరిచాను. అమ్మ వీపు తిప్పి, చేత్తో తడుముకుని, కూర్చుంది. ధబ్బుమన్న చప్పుడు లేదు. రెండు కాళ్లూ కలిపి తిరిగింది. నేను మడమ దగ్గర చెయ్యి పెట్టబోతే "ఉండరా, వస్తోందిగా" అంది. దిగేటప్పుడు డోరు అంచు, సీటు పట్టుకుని తనే లేచింది. మా ఆవిడ నా వైపు చూసింది, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మూడో వరస మడిస్తే కుర్చీ, వాకర్ రెండూ పట్టాయి. సీఎన్‌జీ ఎర్టిగాలో మాత్రం మూడో వరస వెనక చోటంతా సిలిండర్‌దే. మడిచిన సీటు మీదే కుర్చీ పెట్టాలి, వాకర్ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మా అబ్బాయి ఒక విషయం పట్టుకున్నాడు, అది దాచకుండా చెప్తాను. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో, దక్షిణాఫ్రికాలో అమ్మే ఎర్టిగాకి పెద్దల రక్షణలో ఒక్క స్టారే వచ్చింది. ఇక్కడ ఇప్పుడు అన్ని మోడళ్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు గానీ, వాడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. హైవే మీద 80 దాటననీ, వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాల్సిందేననీ ఇద్దరం మాట అనుకున్నాం. పొడవు నాలుగు మీటర్లు దాటడం వల్ల చిన్న కార్లకుండే 18 శాతం జీఎస్టీ దీనికి రాదు, 40 శాతమే. అయినా అన్నీ కలిపి 12 లక్షల లోపే చెప్పారు.

మరి పెట్రోల్ ఖర్చు? రెండు రాత్రులు కూర్చుని లెక్క మళ్లీ వేశాను. సీఎన్‌జీకి బలం ఇచ్చేది నా బడి తిరుగుడే, 15 వేలలో 8 వేలు అదే. ఆ దారికి నాకు కారు అవసరమా అని అప్పుడు తోచింది. స్కూటర్ బాగానే ఉంది. జోరు వానలు, మండుటెండల రోజులు వదిలేసినా ఏడాదికి 7 వేలు దాని మీద పోతాయి. కారుకి మిగిలేది 8 వేలు. అప్పుడు సీఎన్‌జీ వల్ల మిగిలేది ఏడాదికి పాతిక వేలే, ఆ 95 వేలు తిరిగి రావడానికి నాలుగేళ్లు. అంతలో అమ్మ ఎడమ మోకాలు కూడా అవుతుంది.

ఎర్టిగా పెట్రోల్ బుక్ చేశాను. వచ్చే నెల 14న ఇస్తామన్నారు, అమ్మ చెకప్ 19న.

రాజమండ్రి అన్నా, స్కూటర్ వెనక బ్రేకు కీచుమంటోంది. శనివారం తీసుకొస్తే చూస్తారా?

గ్యారేజీ అన్న, రాజమండ్రి:

తీసుకురండి మాస్టారూ. పదింటికల్లా వస్తే మధ్యాహ్నం లోపు ఇచ్చేస్తాను.