కరీబియన్ దీవిలో నర్సింగ్ చదువు: వెళ్లినవాళ్లు, అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి

బెజవాడ_బైపీసీ
అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ఇంటర్ బైపీసీ పూర్తయింది. ఎంబీబీఎస్ ఆశ లేదు, నర్సింగ్ చేయాలని గట్టిగానే ఉంది. బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్లు కరీబియన్‌లో ఒక దీవి పేరు చెప్పారు. అక్కడ రెండేళ్లు చదివితే మిగతా రెండేళ్లు అమెరికా ఆసుపత్రిలో శిక్షణ అట. ఆ పైన ఉద్యోగం, గ్రీన్ కార్డు వాటంతట అవే వస్తాయట. వీసా కూడా అక్కర్లేదన్నారు. నాన్న గన్నవరం అవతల ఉన్న అరెకరం అమ్మే ఆలోచనలో ఉన్నారు. అమ్మకు మాత్రం మ్యాపులో వేలు పెడితే దీవి మొత్తం వేలి కిందికి పోతోందని బెంగ. తిండి, ఇల్లు, భద్రత, చదువు, మీకు తెలిసింది ఏదైనా సరే చెప్పండి.

హ్యూస్టన్_నర్సమ్మ
తిండి సంగతి తరువాత చూద్దాం, ముందు గ్రీన్ కార్డు లెక్క తేల్చుకో తల్లీ. నేను గుంటూరులో జీఎన్ఎం చేసి వచ్చి, టెక్సస్‌లో చాలా ఏళ్లుగా వార్డుల్లో పనిచేస్తున్నదాన్ని.

నర్సులకు అమెరికా ఉద్యోగ గ్రీన్ కార్డు మామూలుగా ఈబీ-3 కోటాలో వస్తుంది. అందులో నీ వరుస ఏదో చెప్పేది నువ్వు చదివిన దేశం కాదు, పుట్టిన దేశం. గ్రెనడాలో చదివినా, గుడివాడలో చదివినా నువ్వు నిలబడేది భారతదేశపు వరుసలోనే. ఆ వరుస పదేళ్లు దాటి సాగుతోంది. నర్సులకు 'షెడ్యూల్ ఎ' కింద లేబర్ సర్టిఫికేషన్ నుంచి, అంటే ఆ పనికి అమెరికావాళ్లు దొరకడం లేదని నిరూపించే తతంగం నుంచి, మినహాయింపు ఉన్న మాట నిజమే. దానివల్ల కాగితాల పని తగ్గుతుంది కానీ వరుస ఒక్క అడుగు కూడా ముందుకు జరగదు. వేరే దేశంలో పుట్టినవాణ్ణి పెళ్లి చేసుకుంటే అతని దేశపు వరుస వాడుకోవచ్చు. ఆ సంబంధం కూడా కన్సల్టెన్సీ వాళ్లే చూస్తారేమో అడుగు.

పోనీ హెచ్1బీ మీద ఉంటానంటావా? వార్డు నర్సు ఉద్యోగానికి అది దొరకడం చాలా కష్టం. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో కూడా ఇక్కడ ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) కావచ్చు కనుక, నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగంగా దాన్ని లెక్కించరు.

ఇక 'రెండేళ్లు అక్కడ, రెండేళ్లు ఇక్కడ' అన్న మాట. ఇక్కడి నర్సింగ్ కాలేజీలు బయట చదివిన అనాటమీ, మైక్రోబయాలజీ లాంటి వాటిని తరచుగా ఒప్పుకుంటాయి. నర్సింగ్ సబ్జెక్టుల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మొదటి నుంచి చదవమంటాయి. ఒప్పుకున్న కాలేజీ ఒకటి ఉన్నా, విద్యార్థి వీసా ఇవ్వాల్సింది కాన్సులేట్. కాన్సులేట్ తరఫున మాట ఇచ్చే అధికారం ఏ కన్సల్టెన్సీకీ లేదు.

లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర నర్సింగ్ బోర్డు. విదేశీ డిగ్రీని సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (ఇప్పటి పేరు ట్రూమెరిట్) లాంటి సంస్థతో పరిశీలన చేయించుకోమంటుంది. మెడికల్-సర్జికల్, ప్రసూతి, పిల్లలు, మానసిక వైద్యం, ఈ నాలుగింటిలో తరగతి పాఠమూ వార్డు పనీ రెండూ జరిగాయో లేదో చూస్తారు. వార్డు గంటలు తగ్గితే ఆ భాగం మళ్లీ పూర్తిచేసి రావాలి. మనవైపు మంచి కాలేజీలో బీఎస్సీ చేసినవాళ్లకు ఇవన్నీ సిలబస్‌లోనే ఉంటాయి. అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ హైదరాబాదులోనే రాయవచ్చు.

కొబ్బరిపీచు
నేను గ్రెనడాలో ఉంటాను. మా ఆవిడ వైద్య విద్యార్థిని, వంట నాది. కనుక నా సలహాలు వంటింటివే, ఒకటి తప్ప.

ఆ ఒక్కటి ముందు చెబుతాను. ఇక్కడ సెయింట్ జార్జెస్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాల 1977 నుంచి ఉంది. అమెరికా పిల్లలు చదువుకుని వెనక్కి వెళ్లి రెసిడెన్సీలు (ఆసుపత్రిలో డాక్టరు శిక్షణ) చేస్తారు, అమెరికా ఆసుపత్రులతో దానికి పాత సంబంధాలు ఉన్నాయి. అది డాక్టర్ల దారి. సముద్రం ఒడ్డున తెల్లకోట్ల ఫోటోలు చూపించి, 'నర్సింగ్ కూడా ఇలాగే' అని అమ్మేవాళ్లు ఉన్నారు. నర్సు లైసెన్సు లెక్కలు వేరు, పైన నర్సమ్మ గారు చెప్పినవే.

ఇక వంటిల్లు. గ్రెనడాలో కరెంటు 230 వోల్టులు, ప్లగ్గులు ఇంగ్లండు తరహా మూడు పలకల పిన్నులవి. ఇండియా మిక్సీ హాయిగా తిరుగుతుంది. పక్కనే బార్బడోస్‌లో 115 వోల్టులు. మా స్నేహితుడు అలాంటి మిక్సీనే అక్కడికి మోసుకెళ్లాడు. అది మూలుగుతూ నింపాదిగా తిరిగిందే కానీ మినప్పప్పు మెదగలేదు. గారెలు చేయబోయి పునుగులతో సరిపెట్టుకున్నారు, అవి కూడా నోట్లో పలుకులు తగిలాయట. ఏ దీవికి వెళ్తున్నారో తేలాకే మిక్సీ కొనండి.

కూరగాయలకు లోటు లేదు. శనివారం సంతలో బెండకాయలు, చేమదుంపలు, చేమాకు, చింతపండు, పచ్చి కందికాయలు దొరుకుతాయి. సీమపనసను కొబ్బరిపాలలో చేమాకుతో, పసుపుతో, ఉప్పు పట్టించిన మాంసంతో ఉడికించేదే ఇక్కడివాళ్ల జాతీయ వంటకం, మాంసం మానేసి చేసుకున్నా బాగుంటుంది. సోనా మసూరి మాత్రం మరచిపోండి. పాలు, ఉల్లిపాయలు, యాపిల్స్ ఓడలో రావాలి, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. డబ్బు లెక్క సులువు: ఇక్కడి తూర్పు కరీబియన్ డాలరును 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు 2.70గా కట్టేశారు.

బెజవాడ_బైపీసీ
నర్సమ్మ గారూ, చాలా కృతజ్ఞతలు. మీరు రాసింది నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. కొబ్బరిపీచు గారూ, వీసా అక్కర్లేదన్న మాటైనా నిజమేనా?

కొబ్బరిపీచు
సగం నిజం. గ్రెనడా, బార్బడోస్ లాంటివి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లను సందర్శకులుగా వీసా లేకుండా దిగనిస్తాయి. చదవాలంటే విద్యార్థిగా ఉండే అనుమతి విడిగా తీసుకోవాలి. అసలు చిక్కు దారిలో ఉంది. హైదరాబాదు నుంచి ఇక్కడికి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వస్తే విమానం మారడానికి కూడా వీసా ఉండాలి, సీ-1 అంటారు. అక్కడ విమానాశ్రయంలోనే కూర్చుని వెళ్లిపోయే ఏర్పాటు లేదు. లండన్ మీదుగా అయితే మనవాళ్లలో చాలామందికి ఇంగ్లండు ట్రాన్సిట్ వీసా కావాలి. వీసా లేని దీవికి వెళ్లడానికి వీసా కోసం క్యూ కట్టడం మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకునే విషయం.

సఫారీ_బండి
నాది కొంచెం వేరే కథ. న్యూజెర్సీలో ఉండేవాళ్లం, గ్రీన్ కార్డు అప్పటికే ఉంది. అమెరికాలో నర్సింగ్ చెప్పే అధ్యాపకుల కొరత వల్ల అర్హత ఉన్నా సీటు దొరకని కాలేజీలు చాలా ఉన్నాయి. నేను యూనివర్సిటీ ఆఫ్ ది వర్జిన్ ఐలాండ్స్‌లో బీఎస్‌ఎన్‌కు (నర్సింగ్ డిగ్రీకి) చేరి సెయింట్ థామస్ దీవికి వచ్చాను. 1917లో డెన్మార్క్ నుంచి అమెరికా రెండున్నర కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి కొనుక్కున్న దీవులివి. అమెరికా భూభాగం కనుక డిగ్రీ అమెరికా డిగ్రీయే, పరీక్ష ఎన్‌క్లెక్సే, విదేశీ డిగ్రీల పరిశీలన జోలి లేదు. గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉన్న మన పిల్లలకు కరీబియన్‌లో నర్సింగ్ అంటే నా దృష్టిలో దారి ఇదే. భారత పాస్‌పోర్టుతో వస్తే మామూలు అమెరికా విద్యార్థి వీసాయే కావాలి, చదువయ్యాక నర్సమ్మ గారు చెప్పిన వరుసే ఎదురవుతుంది.

ఇక్కడి బతుకు గురించి. ఇంటి కప్పు మీద పడిన వాన ఇంటి కింద తొట్టిలోకి వెళ్తుంది. ఇళ్లకు ఆ తొట్టి ఉండాలని చట్టమే ఉంది. వానలు వెనకబడితే ట్యాంకరు నీళ్లు కొనాలి. బకెట్టు స్నానం అలవాటున్న నాకు ఇబ్బంది కాలేదు. షవర్ కింద పావుగంట నిలబడే నా రూమ్మేటుకు మాత్రం ఇంటావిడ తలుపు బయటి నుంచే ఉపన్యాసం ఇచ్చేది. కరెంటు తరచూ పోతుంది, బిల్లు చూస్తే పోవడమే నయమనిపిస్తుంది. కార్లు అమెరికావి, స్టీరింగు ఎడమవైపు, నడిపేది కూడా రోడ్డుకు ఎడమవైపే. మొదటిసారి ఎదురు బండి వచ్చినప్పుడు దేవుళ్లందరూ గుర్తొస్తారు. కాలేజీకి సఫారీలో వెళ్లేదాన్ని. అంటే ట్రక్కు వెనక బెంచీలు బిగించి, పైన కప్పు వేసి, పక్కలు వదిలేసిన బండి. ఎక్కగానే అందరికీ 'గుడ్ మార్నింగ్' చెప్పాలి. చెప్పకపోతే పొగరుబోతు కింద జమకడతారు. వార్డులో రోగి మంచం దగ్గర కూడా అంతే, పలకరింపు ముందు, థర్మామీటరు తరువాత.

ఇక్కడి పట్నం షార్లట్ అమాలియా మెయిన్ స్ట్రీట్‌లో సింధీల నగల దుకాణాలు వరుసగా ఉంటాయి. మనవాళ్లు తక్కువే అయినా పప్పు, కారం దొరికే చోటు వాళ్లే చెప్పారు.

ఒక సంగతి రాయాలి. వార్డు శిక్షణలో షుగరు ఉన్న ఒక పెద్దావిడకు రక్తంలో చక్కెర ఊరికే పడిపోతోంది. మందులు సరిగానే ఉన్నాయి. మధ్యాహ్నం కూతురు తెచ్చిన ఫ్లాస్కు మూత తీయగానే చేదు వాసన వచ్చింది. మా అమ్మమ్మ కాకరాకు కషాయం కాచినప్పుడు వచ్చే వాసనే. అడిగితే పెరటి కంచె మీది తీగ అని నవ్వింది, అది అడవి కాకరే. దీవులన్నింటిలో ఇలాంటి ఆకు కషాయాలు తాగుతారు, 'బుష్ టీ' అంటారు. మందు అని వాళ్లు అనుకోరు కనుక 'మందులేం వాడుతున్నారు' అని అడిగితే చెప్పరు. పొద్దున ఏం తాగారని అడగాలి. మా ఇన్‌స్ట్రక్టర్ దాన్ని చార్టులో రాయించి డాక్టరుకు చూపించింది. ఈ పాఠం న్యూజెర్సీలో దొరికేది కాదు.

ఒక లోటు కూడా చెప్పాలి. చిన్న దీవి, ప్రసవాలు తక్కువ. ప్రసూతి వార్డు షిఫ్టు మొత్తం ఎదురుచూసి, పక్కలు సర్ది వచ్చిన రోజులు ఉన్నాయి.

పాలకొల్లు_సీను
అందరూ భయపెట్టే మాటలే చెబుతున్నారు. మా పిన్ని కూతురు అమెరికా పౌరురాలు. సెయింట్ కిట్స్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో చేరి, ఇదే పద్ధతిలో అమెరికాకు మారింది. ఇప్పుడు ఫ్లోరిడాలో నర్సు. కనుక అసలు జరగదని అనకండి.

హ్యూస్టన్_నర్సమ్మ
సీను గారూ, మారినప్పుడు ఎన్ని సబ్జెక్టులు ఒప్పుకున్నారో అడిగి చెప్పగలరా?

పాలకొల్లు_సీను
అడిగాను. ఆమె చేరినప్పుడు ఒప్పందం ఉన్న అమెరికా కాలేజీ, ఆమె మారే సమయానికి ఆ ఒప్పందం నుంచి తప్పుకుందట. వేరే కాలేజీ వెతుక్కుని నర్సింగ్ భాగం దాదాపు మొదటి నుంచి చదివిందట. పౌరురాలు కాబట్టి వీసా బాధ లేకుండా అమెరికాలోనే ఉండి వెతుక్కోగలిగానంది. ఈ ముక్క మాకెవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ.

లిస్బన్_కాదు_ట్రినిడాడ్
ట్రినిడాడ్ నుంచి రాస్తున్నాను, గ్యాస్ ప్లాంటులో ఉద్యోగం. నిఖార్సైన ప్రభుత్వ గుర్తింపు చదువు కావాలంటే ఇక్కడ యూనివర్సిటీ ఆఫ్ ది వెస్టిండీస్ ఉంది. జమైకాలో మోనా, ఇక్కడ సెయింట్ అగస్టీన్, రెండుచోట్లా నర్సింగ్ స్కూళ్లు ఉన్నాయి. చదువయ్యాక ఆర్‌ఈఎన్‌ఆర్ అనే ప్రాంతీయ పరీక్ష రాసి, కారికామ్ (కరీబియన్ దేశాల కూటమి) దేశాల్లో నర్సుగా నమోదు కావచ్చు. స్థానిక నర్సులు అమెరికా, ఇంగ్లండు, కెనడాలకు వెళ్లిపోతున్నారు కనుక ఖాళీలు ఉంటాయి. 2020లో బార్బడోస్ ఘనా నుంచి నర్సులను పిలిపించుకుంది. అయితే ఒకటి గమనించు. చదివినవాళ్లు వదిలి వెళ్తున్న చోటికి నువ్వు పొలం అమ్ముకుని వస్తున్నావు.

భద్రత అడిగావు. నేరాలు పెరిగి 2024 డిసెంబరు 30న ఇక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పగలు ఫరవాలేదు, రాత్రి ఒంటరిగా తిరగడం వద్దు. దీవికీ దీవికీ తేడా ఉంది, గ్రెనడా మాకంటే చాలా ప్రశాంతం.

ఎవరూ చెప్పనిది: ట్రినిడాడ్ నుంచి ఇండియాకు వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపించాలి. లేకపోతే దిగిన విమానాశ్రయం నుంచే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు. ఆ టీకా హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. వేయించుకున్న పది రోజులకు గాని కార్డు చెల్లదు, ఆ తరువాత జీవితాంతం చెల్లుతుంది.

కొబ్బరిపీచు
తుపాన్ల మాట ఎవరూ ఎత్తలేదు. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు కాలం. 2024 జులై 1న బెరిల్ తుపాను గ్రెనడాకు చెందిన కారియకూ దీవిని నేలమట్టం చేసింది. 2017లో మరియా దెబ్బకు డొమినికాలోని రాస్ వైద్య విశ్వవిద్యాలయం కొంతకాలం సెయింట్ కిట్స్ దగ్గర ఓడలో, ఆపైన టెనెసీలో తరగతులు నడిపి, చివరికి 2019లో బార్బడోస్‌కు మారిపోయింది. మీ కాలేజీ తుపాను వస్తే పిల్లలను ఎక్కడికి పంపుతుందో అడగండి.

బెజవాడ_బైపీసీ
ఇవాళ నాన్న, నేను కన్సల్టెన్సీకి వెళ్లాం. మూడు కాగితాలు అడిగాం. కాలేజీకి ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు పత్రం, అక్కడి విద్యార్థులు ఏ లైసెన్సు పరీక్ష రాస్తున్నారో కౌన్సిల్ చెప్పే మాట, అమెరికా కాలేజీ నుంచి నేరుగా వాళ్ల ఈమెయిల్‌లో వచ్చిన ఒప్పంద పత్రం. మొదటిది 'వస్తోంది' అన్నారు. మూడోది గోప్యమట. అడ్వాన్సు ఈ నెలాఖరులోపు కడితే యాభై వేలు తగ్గిస్తారట. నాన్న చెక్కుబుక్కు జేబులోంచి తీయలేదు. చదువుకుని తిరిగి ఇండియాకు వస్తే ఇక్కడ పనిచేయవచ్చా అన్నది కూడా అడిగాం, తల ఊపారు.

హ్యూస్టన్_నర్సమ్మ
ఊరికే తల ఊపితే చాలదు. విదేశీ డిగ్రీతో ఇండియాలో రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు కావాలంటే ముందు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని సమానమైనదిగా ఒప్పుకోవాలి. నాన్నగారిని అరెకరం జోలికి పోవద్దని చెప్పు. కాళోజీ వర్సిటీ అయినా, మీవైపు హెల్త్ వర్సిటీ అయినా, కౌన్సెలింగ్ తేదీ పోనివ్వకు. సీటు చేతిలో పెట్టుకుని ఆ మొదటి కాగితం వచ్చేదాకా ఆగు. వస్తే పేర్లు చెరిపి ఇక్కడ పెట్టు, చూస్తాను.