ఒంటరిగా మొదటి విదేశీ ప్రయాణం: ఆయుత్థయ, ఆంగ్‌కోర్, అదీ ఏప్రిల్‌లో. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

బ్రాడీపేట నాలుగో లైను
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, నాకు 29 ఏళ్ళు, ప్రైవేటు ఉద్యోగం. ఏప్రిల్‌లో పన్నెండు రోజులు సెలవు దొరికింది. థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్, పాత రాజధాని ఆయుత్థయ చూసుకుని, కంబోడియాలో సియెమ్ రీప్ వెళ్ళి ఆంగ్‌కోర్ గుళ్ళు చూడాలని ఉంది. ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఇప్పటిదాకా ఒక్కదాన్నే వెళ్ళింది హంపీ వరకే. సోంగ్‌క్రాన్ (థాయ్ వాళ్ళ కొత్త సంవత్సరం) రోజుల్లో వెళ్ళడం మంచిదేనా? ఆంగ్‌కోర్‌కి ఎన్ని రోజులు కావాలి? డబ్బు ఎలా పట్టుకెళ్ళాలి? నేను శాకాహారిని, తిండి దొరుకుతుందా? ఇంకొకటి, ఇంట్లో అమ్మకు ఇంకా చెప్పలేదు. మీరంతా ఎలా ఒప్పించారు?

పటమట
బ్యాంకాక్ నుంచి సియెమ్ రీప్‌కి బస్సులో పోవచ్చని పాత వీడియోల్లో చెబుతుంటారు. అది మర్చిపోండి. 2025 జూన్‌లో రెండు దేశాల గొడవతో సరిహద్దు గేట్లు మూసేశారు, తర్వాత కాల్పులూ జరిగాయి. విమానం లెక్కే వేసుకోండి, టికెట్ కొనేముందు ఆ వారం పరిస్థితి కూడా చూసుకోండి.

సోంగ్‌క్రాన్ తప్పకుండా చూడండి. ఏప్రిల్ 13, 14, 15. మన మేష సంక్రమణమే అది, సంక్రాంతి అన్న మాటే వాళ్ళ నోట సోంగ్‌క్రాన్ అయింది. నేను చియాంగ్ మాయ్‌లో ఉన్నాను. పాత ఊరి చుట్టూ ఉన్న కందకంలోంచి బకెట్లతో నీళ్ళు తోడి రోడ్డున పోయేవాళ్ళందరి మీదా పోస్తారు. అయితే పొద్దున పూట జరిగేది వేరు. గుడికి వెళ్ళి బుద్ధుడి విగ్రహం మీద సుగంధం కలిపిన నీళ్ళు పోస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళ అరచేతుల మీద పోసి దీవెన తీసుకుంటారు. నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో పెద్దావిడ నన్ను కూడా పిలిచి చేతులు చాపారు. మా నానమ్మ పోయింది ఆ ఏడాదే. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆవిడకు నా మాట తెలియదు, నాకు ఆవిడ మాట తెలియదు. తల నిమిరారు.

గవర్నర్‌పేట
డబ్బు గురించి నేను చెప్తాను, ఎందుకంటే నా తిప్పలు ఇంకెవరూ పడకూడదు. కంబోడియాలో డాలర్లు నడుస్తాయి, చిల్లర మాత్రం వాళ్ళ రియెల్స్‌లో ఇస్తారు. డాలరుకు సుమారు 4000. బయల్దేరేముందు ఇక్కడ ఒక చోట డాలర్లు మార్చుకున్నాను. అందులో ఒక యాభై నోటుకి అంచున గోరంత చిరుగు. నేను చూసుకోలేదు. సియెమ్ రీప్‌లో హోటల్ వాళ్ళు వద్దన్నారు, టికెట్ కౌంటర్లో వద్దన్నారు, కూల్‌డ్రింకు కొట్టులో కూడా వద్దన్నారు. చిరిగినా, మరక పడినా ఎవరూ తీసుకోరు. ఆ నోటు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. కౌంటర్ దగ్గరే నిలబడి ఒక్కో నోటూ వెలుతురుకు పట్టి చూసుకోండి. ఒకటి, ఐదు, పది నోట్లు ఎక్కువ అడగండి. వెనకాల క్యూలో వాళ్ళు విసుక్కున్నా సరే.

తెనాలి మాస్టారు
ఆంగ్‌కోర్ నేను మూడుసార్లు వెళ్ళాను. ఈ విషయంలో నాకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదని ధైర్యంగా చెప్పగలను. టికెట్ ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, వారానికి 72. మూడు రోజులది పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. అదే కొనుక్కో అమ్మా.

అందరూ తెల్లారకముందే ఐదింటికి పెద్ద గుడి ఆంగ్‌కోర్ వాట్‌కి వెళ్ళి చెరువు గట్టున ఫోన్లు పట్టుకుని నిలబడతారు. సూర్యుడు రాగానే టిఫిన్‌కి పోతారు. వాళ్ళు పోయాక లోపలికి వెళ్ళు. ఆ గుడి పడమటి ముఖం. చుట్టుశాలల్లో బొమ్మలు ఎడమ చేతి వైపు గోడ ఉండేలా, అంటే అప్రదక్షిణంగా చూడాలి. పడమటి వైపు దక్షిణ భాగంలో కురుక్షేత్రం ఉంటుంది. అంపశయ్య మీద భీష్ముణ్ణి ఏ గైడూ లేకుండా మనవాళ్ళు ఎవరైనా గుర్తుపడతారు. తూర్పు వైపు క్షీరసాగర మథనం, సుమారు 49 మీటర్ల పొడవు. ఒక పక్క 92 మంది అసురులు, ఇంకో పక్క 88 మంది దేవతలు. నేను ఆ గోడ దగ్గర ఒక మధ్యాహ్నమంతా గడిపాను. పై అంతస్తుకి ఎక్కాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి.

అక్కడివాళ్ళు ఒక్కో రాయికి నంబరు వేసి దాచుకుంటున్నారు. మనం అమరావతి స్తూపం పలకల్ని కాల్చి సున్నం చేసుకున్నాం. వెళ్ళిన ప్రతిసారీ నా కడుపు మండేది ఇందుకే.

కృష్ణలంక
మాస్టారూ, వయసులో పెద్దవారు, గౌరవం ఉంది. కానీ "మనం" అంటే ఎవరు? తెల్లదొరలు పలకల్ని ఓడకెక్కించి లండన్ పట్టుకుపోతే తప్పు మనదా?

మంగళగిరి, ప్రస్తుతం లండన్
నేను ఇక్కడికి చదువుకి వచ్చిన కొత్తల్లో ఒక ఆదివారం ఎటు వెళ్ళాలో తోచక బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళాను. టికెట్ లేదు, చలి తప్పుతుందని వెళ్ళాను. తిరుగుతూ 33ఎ గదికి వచ్చాను. గాజు గది. లోపల నిండా మన రాళ్ళు. చీటీ మీద అమరావతి అని ఉంది. మా అమ్మమ్మ వాళ్ళది తుళ్ళూరు. చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్ళామో, స్తూపం దగ్గర మట్టిదిబ్బ చూసి ఇంతేనా అనుకున్నామో. ఆ దిబ్బ మీద ఉండాల్సింది ఎంతో ఇక్కడ ఉంది. లేతాకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి, అంత సన్నటి పని. ఆ రోజు సాయంత్రం మూసేదాకా బయటికి రాలేదు. ఆంగ్‌కోర్ వెళ్ళండి, కానీ అంతకంటే ముందు ఒకసారి అమరావతి మ్యూజియం, చెన్నైలో ఎగ్మూరు మ్యూజియం చూసి వెళ్ళండి. మాటలతో చెప్పలేను.

తెనాలి మాస్టారు
కృష్ణలంక బాబూ, చరిత్ర తెలుసుకుని మాట్లాడు. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ 1797లో వచ్చేసరికే దీపాలదిన్నెను, అంటే ఆ స్తూపం దిబ్బను, తవ్వేశారు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి గారి కొత్త ఊరి కట్టడాలకు రాళ్ళు కావాలని తవ్వినవాళ్ళు మనవాళ్ళే. కంపెనీ అధికారి ఎలియట్ తవ్వించింది 1845లో, పలకలు లండన్ ఓడ ఎక్కింది 1859లో. ఈ మధ్యలో అరవై ఏళ్ళు మనం ఏం చేశాం?

కృష్ణలంక
అరవై ఏళ్ళు కంపెనీ పాలనలో ఉన్నాం మాస్టారూ, అదీ చేశాం. రోమ్‌లో కొలోసియం రాళ్ళు పీకి చర్చిలకీ మేడలకీ వాడుకున్నది రోము వాళ్ళే. అలాగని కొలోసియంని ఎవరైనా ఇంకో దేశానికి మోసుకుపోయారా? ఊళ్ళో వాడు తెలియక వాడుకోవడం వేరు, తెలిసినవాడు తీసుకుపోవడం వేరు. తిరిగి ఇవ్వడం కుదరదనీ అనకండి. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2016లో వెనక్కి ఇచ్చింది.

తెనాలి మాస్టారు
అది స్వాతంత్ర్యం వచ్చాక దొంగతనంగా పోయింది. ఇది వేరు. రెండింటినీ ఒక గాటన కట్టకు. మద్రాసు మ్యూజియంలో గోడలకు బిగించిన అమరావతి పలకలు ఎలా దెబ్బతిన్నాయో అడుగు ముందు.

కృష్ణలంక
అంటే దొంగ జాగ్రత్తగా దాచుకుంటే దొంగ కాదా? పిల్లలకు మీరు ఇదే చెప్పారా బళ్ళో?

మోడరేటర్
వ్యక్తిగతంగా వద్దు. ఆ అమ్మాయి అడిగింది ప్రయాణం గురించి.

ఏలూరు రోడ్డు
రాళ్ళ గొడవ వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఒంటరిగా ఇటలీ వెళ్ళాను పోయిన డిసెంబర్‌లో. పాంపేయిలో రోజంతా నడిచాను. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడిన ఊరు. రోడ్డు దాటడానికి వేసిన ఎత్తు రాళ్ళు, బళ్ళ చక్రాల గాడులు, రోడ్డు పక్క వంటకాలమ్మే అంగడిలో కుండలు దించిన అరుగులు. మర్నాడు నేపుల్స్ మ్యూజియంలో చిన్న దంతపు బొమ్మ ఒకటి కనబడింది, జానెడు పైన ఉంటుంది. పాంపేయి లక్ష్మి అంటారు. 1938లో ఆ బూడిదలో దొరికింది. శాతవాహనుల కాలంలో మన దేశం నుంచి అంత దూరం వెళ్ళింది! బొమ్మ ముందు నిలబడితే ఒళ్ళు జలదరించింది. ఎవరికైనా చెప్పాలనిపించింది, పక్కన ఎవరూ లేరు. ఒంటరిగా వెళ్తే నాకు కష్టమనిపించేది అదొక్కటే.

పటమట
ఏలూరు రోడ్డు గారూ, అక్కడ జేబుదొంగల బెడద ఉందంటారు కదా, నిజమేనా? వచ్చే ఏడాది మేం వెళ్తున్నాం.

ఏలూరు రోడ్డు
నేపుల్స్ నుంచి పాంపేయి వెళ్ళే లోకల్ రైల్లో బ్యాగు ముందుకు వేసుకోండి. నాకేం పోలేదు.

సత్తెనపల్లి వైపు
నాకు పాస్‌పోర్టు కూడా లేదు, అయినా రాస్తున్నాను. అమ్మను ఎలా ఒప్పించాలని అడిగారు, ఒక్కరూ చెప్పలేదు. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా గారి కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం జరిగింది. ఊరంతా టిబెట్ వాళ్ళు, విదేశీయులు. మాకు బంధువుల ఇల్లు అక్కడే. ముందు గది ఒక ఫ్రెంచి ఆవిడకు ఇచ్చారు. ముప్పై దాటవు, ఒక్కతే వచ్చింది. మా పెద్దమ్మకు మొదట భయం, ఏ తల్లి కన్న పిల్లో ఏమవుతుందో అని. రోజూ రాత్రి ఆమె వచ్చేదాకా గుమ్మంలో కూర్చునేది. తినకపోతే ఒప్పుకునేది కాదు, చారన్నం అలవాటు చేసింది. వెళ్ళేరోజు ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. తర్వాత రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. అక్కా, మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పండి. అక్కడ కూడా గుమ్మంలో కూర్చునేవాళ్ళు ఉంటారు.

గవర్నర్‌పేట
బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఎవరైనా వచ్చి "ఈ రోజు మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అంటే వెళ్ళకండి. నగల కొట్టుకి తీసుకుపోతారు. ఇదీ నాకు జరిగిందే.

బ్రాడీపేట నాలుగో లైను
అందరికీ చాలా థ్యాంక్స్. సత్తెనపల్లి తమ్ముడూ, నువ్వు రాసింది నిన్న రాత్రి అమ్మకు చదివి వినిపించాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. పొద్దున కాఫీ ఇస్తూ "రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తావా" అని అడిగింది. చేస్తానన్నాను. మాస్టారూ, కృష్ణలంక గారూ, ఈ ఆదివారం అమరావతి మ్యూజియంకి వెళ్తున్నాను. కాకపోతే తిండి గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కృష్ణలంక
ఆదివారం నేనూ వస్తాను. మాస్టారు వస్తానంటే తెనాలి నుంచి బండి మీద నేనే తీసుకొస్తా. అక్కడ రాళ్ళ ముందు నిలబడి మాట్లాడుకుందాం.

తెనాలి మాస్టారు
వస్తాను. ఏడింటికల్లా బయల్దేరాలి, ఎండ ముదరకముందే.

పటమట
తిండి నేను చెప్తాను. థాయ్‌లాండ్‌లో "జే" అనండి, మాంసం, చేప, గుడ్డు ఏవీ వేయరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్లు వాళ్ళవే. ఉత్త "వెజిటేరియన్" అంటే చేపల సాస్ పోసేస్తారు. కంబోడియాలో ప్రహోక్ అని ఊరబెట్టిన చేపల ముద్ద వేస్తారు, కూరలో అది వద్దని విడిగా చెప్పాలి. కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకెళ్ళండి. పచ్చడి సీసా మాత్రం చేతిబ్యాగులో పెట్టకండి, నూనె ఉందని సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టండి.