జొరకుమా, జొరుమికా?

ఎల్బే ఒడ్డున:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. ఒక్క అక్షరం దగ్గర ఇరుక్కుపోయి పది రోజులాయ. నవ్వుకోకుండా చూడండి.

మాది అనంతపురం పక్కన పల్లె. 2022లో డ్రెస్డెన్ వచ్చినా, నీళ్ళ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్, ఇప్పుడు థీసిస్ నడుస్తాంది. మా అమ్మకు హైస్కూల్లో తెలుగు చెప్పిన సారు ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటినాయి, నేను తాతా అంటా, ఆయన పాపా అంటాడు, చుట్టరికం ఏం లేదు. వాట్సాప్ ఆయనకు పడదు. జాబులే. నేను ఈడి సంగతులు రాస్తా, ఆయన ఊరి సంగతులు రాస్తాడు. హంద్రీనీవా గురించి ఒకసారి ఇట్లా రాసినాడు: "మల్యాల కాడ నుంచి కృష్ణ నీళ్ళు ఎత్తి ఎత్తి మన జీడిపల్లికి తెచ్చినారు పాపా, ఎన్ని పంపులు, ఎంత కరెంటు. ఆఫీసులో బల్ల కిందికి పారే నీళ్ళకు మాత్రం ఏ లిఫ్టూ అక్కర్లేదు."

అసలు సంగతికి వస్తా. నేను వచ్చేటప్పుడు వీసాకు బ్లాక్డ్ అకౌంట్లో, అంటే ఈడి ఖర్చులకని ముందే వేసి పెట్టే బ్యాంకు ఖాతాలో, 10,332 యూరోలు చూపించల్ల (2024లో 11,904 అయింది), ఫీజు లేకున్నా ఆ డబ్బుకే లోను కావల్ల. లోను 7.5 లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు కదా, నాయన మూడెకరాలు పెట్టినాడు, ఆ కాగితాలకు ఒక ఆఫీసులో ఎకరాకు ఇంత అన్నారు. తాత "పైసా ఇయ్యొద్దు, నేను పోయి కూచుంటా" అని గొడుగు చంకలో పెట్టుకుని మూడు రోజులు ఆ వరండాలో కూచున్నాడు. నాలుగో రోజు కాగితం చేతికొచ్చింది. నేను ఈ కథ ఈడ కనపడినోళ్ళకంతా చెప్పుకున్నా, జర్మన్ క్లాసులో నిలబడి గూడా చెప్పినా. పోయిన సంవత్సరం ఒక జాబులో, చీనీ కాయల ధర రాసినాక, నింపాదిగా రాసినాడు: "ఆ పొద్దు నేనే ఇచ్చినాను పాపా, నీ వీసా తేదీ దాటిపోతాదని. మీ నాయనకు తెలీదు."

నాలుగు నెలలు జాబు రాయలేదు నేను. కోపం ఆయన మీదనో, క్లాసులో నిలబడి చెప్పిన నా మీదనో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత రాసినా, చదువు అయిపోతాంది, వచ్చేయాల్నా ఈడే ఉండాల్నా అని గూడా అడిగినా. జవాబు వచ్చింది, కానీ మా బిల్డింగ్ పోస్టు డబ్బాలో వాన నీళ్ళు దిగి సగం ఇంకు కారిపోయింది. చివర సుమతీ శతకం పద్యం ఉంది, అప్పిచ్చువాడు వైద్యుడు. ఆఖరి పాదంలో "చొప్పడకున్నట్టి యూర జొ" వరకు బాగుంది, ఆపైన ఒక ర, దానికి కొమ్ము ఉందో లేదో తెలీదు, తర్వాత మరక, మరక దాటినాక "సుమతీ". పుస్తకంలో "జొరకుము" అని నాకూ తెలుసు. కానీ చిన్నప్పుడు ఆయన నోట "జొరుమిక సుమతీ" అని విన్నట్టు లీలగా గుర్తు. అట్లాంటి పాఠాంతరం ఎక్కడైనా ఉందా? ఆ ఊర్లోకి పోవద్దు అన్నాడో, ఇక రా అన్నాడో తెలియాల.

కడప గడప:
పాఠాంతరం లేదమ్మా. నేను చూసిన అచ్చు ప్రతులన్నిట్లో "జొరకుము"నే. అసలు తేలాల్సింది అది కాదు, దాని ముందు మాట. మీ సారు "యూర" అని రాశారన్నారు, చాలా ప్రతుల్లో "యూరు" అని ఉంటుంది. "యూరు" తప్పు. ఊరన్ అనే ద్రుతం మీద, అంటే చివరి న్ మీద, చొరకుము వస్తేనే చ పోయి జ అవుతుంది. యూరు అనే ప్రథమా విభక్తి మీద వస్తే గసడదవాదేశం వచ్చి, అంటే చ స అయి, "యూరు సొరకుము" కావాలి. ఆ జొ ఒక్కటే సాక్షి.

నలగగభజస:
గడప గారూ, "యూరు సొరకుము" అన్నా యతి చెడదు, చొ-సొ మైత్రి ఉంది. కాబట్టి లేఖకుడు ఎక్కడో జొ చేసి ఉండొచ్చు, మీ సాక్షి అంత గట్టివాడేం కాదు.

పాప గారి ప్రశ్నకి: జొరకుము నాలుగు లఘువులు, జొరుమిక నాలుగు లఘువులు. ఇది కందం, చివరి రెండు పాదాలు కలిపి లెక్కేస్తే రెండూ ఏడో గణంలో హాయిగా కూచుంటాయి. ఆరో గణం "ట్టియూర" జగణం, ఎనిమిది "సుమతీ" సగణం, ఏదీ కదలదు. చొరుము + ఇక, ఉత్వసంధి, వ్యాకరణం కూడా అడ్డు రాదు. అంటే ఛందస్సు మీకు ఏ సాక్ష్యమూ చెప్పదు. కానీ ఎవరైనా సరదాకి మార్చాలనుకుంటే అంతకంటే శుభ్రంగా మార్చలేరు, ఆ పెద్దాయన చెయ్యి తిరిగినవాడు అని మాత్రం చెప్పగలను.

తాడిపత్రి తావ:
మీరంతా జొ దగ్గర కొట్టుకుంటాండారు గానీ చొప్పడు అంటే ఏమి? మా జేజి చెప్పేది, చొప్ప పడిన ఊరు అని. జొన్నచొప్ప. అప్పు, వైద్యుడు, ఏరు, అయ్యవారు, చొప్ప. పశువుకు మేత లేని ఊర్లో ఎవురుంటారప్పా? సీమలో పుట్టినోనికి ఈ అర్థం చెప్పక్కర్లేదు. కోస్తా పండితులు దాన్ని చొప్పడు చేసినారు.

నలగగభజస:
అన్నా, "చొప్పపడిన యూర నుండుము" అని చదివి చూడు. చొప్పప భగణం, డినయూ సగణం, రనుండు జగణం, ఇంకా ము మిగిలిపోతుంది. మూడో గణం బేసి, కందంలో బేసి గణం జగణం కాకూడదు. ఒక మాత్ర ఎక్కువ, ఒక గణం తప్పు.

తాడిపత్రి తావ:
ఒక మాత్ర ఎక్కువైతే ఎద్దుకు ఏమన్నా కడుపు నొప్పి వస్తాదా.

హంద్రి పక్కన:
కర్నూలు నుంచి. చొప్ప కాదు, చొప్పు. జాడ, తీరు. చొప్పు పడు, చొప్పడు, తీరుగా అమరు. "ఆ చొప్పున", "తలకు పది చొప్పున" అనేదాంట్లో ఉండే చొప్పే ఇది. అందుకే నిఘంటువుల్లో కలుగు, అమరు అని ఇస్తారు. ఆ లెక్కన పాప చెప్పిన ఆఫీసు బాగా చొప్పడిన ఆఫీసు, ఎకరాకు ఇంత చొప్పున.

కడప గడప:
చమత్కారం బాగుంది, వ్యుత్పత్తి నేను ఒప్పుకోను.

హంద్రి పక్కన:
ఎందుకు ఒప్పుకోరో చెప్పకుండా ఒప్పుకోను అంటే ఎట్లా సార్.

చీనీ తోట:
అందరూ రెండో పాదం వదిలేసినారు. "ఎప్పుడు నెడతెగక బారు నేరు" ఉన్న ఊర్లో ఉండమంటే అనంతపురం జిల్లా మొత్తం ఖాళీ చెయ్యల్ల. పెన్న నంది కొండల్లో పుట్టి మా దగ్గరికి వచ్చేసరికి ఇసుకే. ఈ పద్యం రాసినాయన కృష్ణ ఒడ్డునో గోదావరి ఒడ్డునో కూచోని రాసింటాడు. పెన్న గురించి రాయాలంటే తరిమెలలో పుట్టల్ల, విద్వాన్ విశ్వం లాగ. ఆయన కావ్యం పెన్నేటి పాట చదివినోడు ఎవుడూ ఏరు లేదని ఊరు వదలడు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు మా హాస్టల్లో ఒకడు దాన్ని మొత్తం కంఠతా చెప్పేవాడు, తెల్లారిపోయేది, మేము వేరుశెనక్కాయలు ఒలుచుకుంటా వినేవాళ్ళం.

కడప గడప:
విశ్వం గారి మీద నాకూ గౌరవమే. కానీ ఊరు వదలడం, ఊరు చొరడం అంటే నాకు గుర్తొచ్చేది బ్రౌన్ దొర. కలకత్తాలో పుట్టి, ఇంగ్లండులో చదివి, 1817లో మద్రాసు దిగి, 1820లో మా కడపకు వచ్చాడు. పండితులకు జీతాలు సొంత డబ్బుతో ఇచ్చాడు, చాలక అప్పులు చేశాడు. అప్పిచ్చువాడు ఆయనకు ఇక్కడే చొప్పడ్డాడు. వేమన పద్యాలు 1829లో ఒకసారి, 1839లో ఇంకా పెంచి ఒకసారి అచ్చువేశాడు. పరాయి దేశం పోయి చదువుకోవడమంటే అదీ. వెనక్కిపోయి 1865లో లండన్‌లో తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు.

చీనీ తోట:
వేమన మావాడు సార్. సమాధి కటారుపల్లెలో, అనంతపురం జిల్లా.

హంద్రి పక్కన:
2022 నుంచి అది సత్యసాయి జిల్లా.

చీనీ తోట:
జిల్లా మారితే వేమన మారడు.

నలగగభజస:
బ్రౌన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. వేమన పద్యాలకి ప్రతికో పాఠం ఉండడానికి కారణం అవి నోట్లో బతకడం. సుమతి కూడా అంతే, బద్దెనదని అంటారు గానీ దాని మీదా తగువుంది. నోట్లో బతికే పద్యాన్ని ఒక బడిపంతులు నలభై ఏళ్ళు చెప్తే ఆ బడికి ఆయన పాఠమే పాఠం. పుస్తకంలో లేదు కాబట్టి "జొరుమిక" లేదు అనడం నాకు నచ్చలేదు.

ఎల్బే ఒడ్డున:
ఎడతెగని ఏరు అన్నారు కదా అన్నా. నేను రోజూ చూసే ఎల్బే అట్లాంటిదే అనుకునేదాన్ని. దీనికి ఎగువన, చెక్ దేశంలో డ్యెచిన్ అనే ఊరి దగ్గర నదిలో ఒక రాయి ఉంది, నీళ్ళు బాగా తగ్గినప్పుడే బయటపడుతుంది. దాని మీద జర్మన్‌లో చెక్కినారు, "నన్ను చూస్తే ఏడువు" అని, 1616 అని. 2018లో పైకి తేలింది, నేను వచ్చిన 2022లో మళ్ళీ తేలింది. కరువు రాళ్ళు అంటారు ఇట్లాంటి వాటిని. నాలుగు నెలలు అలిగినాక మొదటి జాబులో తాతకు ఇదే రాసినా, కోపం సంగతి ఎత్తకుండా. ఈ పద్యం దానికి జవాబు.

ఇంకొక్కటి, పనికొస్తుందేమో. మరక పడని చోట "ద్విజుడున్" కింద గీత గీసి పక్కన చిన్నగా రాసినాడు: "రెండుసార్లు పుట్టినవాడు. ఊరు విడిచి మళ్ళీ ఊరు చేరినవాడు అని నా అర్థం, పరీక్షలో రాస్తే మార్కులు రావు."

చీనీ తోట:
ఇంకేం పాపా. జొరుమికే. రమ్మంటాండాడు.

కడప గడప:
అట్లా దూకకండి. ద్విజుడు ఉన్న ఊర్లో ఉండమన్నాడు మూడో పాదం, లేని ఊరు చొరకుమన్నాడు నాలుగో పాదం. తిరిగొచ్చినవాళ్ళు ఒక్కరూ లేని ఊరు అది, నువ్వు రావద్దు అని కూడా అవుతుంది. ఆయన గీత గీసింది ద్విజుడి కింద, మీ ఊరి కింద కాదు.

హంద్రి పక్కన:
లేనప్పుడు ఆ మొదటి ద్విజుడు ఎవరో ఒకరు కావల్ల కదా సార్. అందుకే "ఇక".

కడప గడప:
అది మీ కవిత్వం. పెద్దాయన తెలుగు పండితుడు, శతక పద్యాన్ని చెడగొట్టి ఉత్తరం రాసే రకం కాదు.

నలగగభజస:
చెడగొట్టడం కాదు గడప గారూ. అన్ని గణాలు చెప్పాను మీకు, ఒక్క లఘువు పోలేదు. మూడు రోజులు వరండాలో కూచుని నాలుగో రోజు జేబులో చెయ్యి పెట్టినాయన ఒక్క మాట మార్చలేడా?

ఎల్బే ఒడ్డున:
ఆ మాట అనొద్దు సార్. దయచేసి.

నలగగభజస:
తప్పైంది పాపా. మనసులో పెట్టుకోవద్దు.

తాడిపత్రి తావ:
ఫోన్ చేసి అడిగేది వదిలేసి ఇంత పంచాయితీ ఎందుకో. ఆయప్ప ఉన్నాడు కదా.

ఎల్బే ఒడ్డున:
చేసినా అన్నా. చెవులు సరిగ్గా ఇనపడవు, "జాబులో అడుగు" అని పెట్టేస్తాడు. అమ్మను పంపిచ్చినా, అమ్మకు "నీకు ఎనిమిదో తరగతిలోనే చెప్పినా కదా" అన్నాడంట. అమ్మకు గుర్తు లేదు.

చీనీ తోట:
మీ అమ్మ బ్యాచ్‌లో ఇంకెవరైనా ఉంటారు, అడగండి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చినాక పాత బ్యాచ్ పిల్లోళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది తేలినారు.

ఎల్బే ఒడ్డున:
దాని గురించి గూడా రాసినాడు తాత. "మన జిల్లాలో కార్లు పుడతాండాయి పాపా, మన పల్లెకు బస్సు మాత్రం పొద్దున ఒకటి, మాపు ఒకటి." బ్యాచ్ వాళ్ళలో ఇద్దరు దొరికినారు. ఒకామె జొరకుము అంటుంది, ఇంకొకాయన "సారు ఆ పద్యం చెప్పనే లేదు, వేమనవే చెప్పినాడు" అంటాడు.

కడప గడప:
ఫొటో పెట్టమ్మా. ర కి కొమ్ము ఉందో లేదో నేను చెప్తా, తాళపత్రాలు చూసిన కళ్ళు ఇవి.

ఎల్బే ఒడ్డున:
పెట్టినా సార్, పైన చూడండి. మిగతా జాబు మడిచి ఆ లైను ఒక్కటే.

కడప గడప:
చూశాను. కొమ్ము లాగే ఉంది. కింది లైను గుడి పైకి అంటుకుని కూడా ఉండొచ్చు. ఒకటి మాత్రం తేలింది, ఆయన స్పష్టంగా "యూర" అనే రాశారు. నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే.

నలగగభజస:
ఆ ర పక్కన కూడా మరక ఉంది సార్, "యూరు" కూడా కావొచ్చు.

కడప గడప:
కావొచ్చు అంటే ఏదైనా కావొచ్చు.

ఎల్బే ఒడ్డున:
నిన్న జాబు వేసినా. నేరుగా అడగలేదు. ఏమని అడగాల్నో తోచలేదు. "తాతా, యూర అని రాయాల్నా యూరు అని రాయాల్నా, ఈడ పెద్దోళ్ళు కొట్టుకుంటాండారు, పద్యం మొత్తం ఇంకోసారి రాసి పంపు" అని మాత్రం రాసినా. చేరడానికి మూడు వారాలు, రావడానికి మూడు వారాలు.

తాడిపత్రి తావ:
చొప్ప సంగతి గూడా ఒక ముక్క అడిగింటే బాగుండు.